పానా పట్టని రెండు రోజులు

మొన్న మంగళవారం పొద్దున యాచారం దాటాక ఒక రైతు పొలంలో బోరు మోటారు పైకి లాగుతున్నాం. సగం పైపులు బయటికి వచ్చాయి, సగం ఇంకా లోపలే ఉన్నాయి. అప్పుడు ఫోన్ మోగింది. ఎల్బీ నగర్‌లో మా ఉస్తాద్ షెడ్డు పక్కన టైర్ల కొట్టు నడిపే ఆయన చేశాడు. ఉస్తాద్ తెల్లవారుజామున నిద్రలోనే పోయాడని చెప్పాడు. పైపులు పట్టి ఉంచిన గొలుసు మధ్యలో వదిలేస్తే మోటారు బోరులోకి జారిపోతుంది. కళ్లు తుడుచుకునే వీలైనా లేకుండా మిగతా పైపులన్నీ లాగి, మోటారు నేలమీద పెట్టి, అప్పుడు బయల్దేరాను. ఆలస్యంగా వచ్చానని ఆయన ఏమీ అనుకోడు. పని సగంలో వదిలి వచ్చి ఉంటేనే అనుకునేవాడు.

నాది గుంటూరు వైపు. బతుకుతెరువు కోసం వచ్చి మన్సూరాబాద్‌లో స్థిరపడ్డాను. బోర్లలో కాలిపోయిన మోటార్లు పైకి తీసి, బాగుచేసి, మళ్లీ దించడం నా పని. ఉస్తాద్‌ది పోచంపల్లి దగ్గర నేత కుటుంబం. మగ్గం గుంటలో కూర్చోలేక పదిహేనేళ్లకే దిల్‌సుఖ్‌నగర్ వచ్చి లారీల కింద దూరానని తనే చెప్పేవాడు. నాకంటే పదేళ్లు పెద్ద. నన్ను తమ్మీ అనేవాడు. మా ఆవిడ ఆయన్ని అన్నయ్యగారూ అని పిలిచేది. నేను మాత్రం మొదటి రోజు నుంచీ ఉస్తాద్ అనే పిలిచాను, ఇక్కడ రాసేటప్పుడూ అంతే.

అప్పట్లో నేనొక పాత ఫోర్‌వీల్ డ్రైవ్ డీజిల్ పికప్ కొన్నాను. వానాకాలం పొలాల్లోకి పైపులూ మోటారూ వేసుకుని దిగాలంటే నాలుగు చక్రాలూ లాగే బండి ఉండాల్సిందే. కొన్న నెలకే దాని టర్బో నీరసించింది. ఇంజన్ పొగ బయటికి పోయే జోరుతో తిరుగుతూ లోపలికి ఇంకాస్త గాలి నెట్టే చక్రం అది. గట్టు ఎక్కాలంటే బండి నల్లగా దగ్గేది. ఉస్తాద్ షెడ్డుకు తీసుకెళ్లి, దొరికినవాటిలో అన్నిటికంటే పెద్ద టర్బో పెట్టమన్నాను. అప్పుడు నాకు ముప్పై అయిదేళ్లు, ఏదైనా సరే పెద్దదే కావాలి.

"నీకు బండి ఉరకాల్నా, గుంజాల్నా?" అని అడిగాడు.

రెండూ కావాలన్నాను. ఆయన నవ్వలేదు. నువ్వు ఎక్కడ తిరుగుతావు, ఎంత బరువు వేస్తావు, బురదలో ఏ గేరులో వెళ్తావు, ఇవన్నీ డాక్టరు అడిగినట్టు అడిగాడు. పెద్ద టర్బో ఆలస్యంగా లేస్తుందట. నడక వేగంతో బురదలో పోయే నా బండికి తొందరగా లేచే చిన్నది కావాలట. సరే, అదే పెట్టండి అంటే, వెంటనే పెట్టలేదు. ముందు బ్రేకులు విప్పాడు. తర్వాత రేడియేటర్ కడిగించాడు, క్లచ్ ప్లేటు మార్చాడు, గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ ముందుభాగంలో బిగించాడు. నాకు ఒళ్లు మండిపోయింది. టర్బో కోసం వస్తే బ్రేకులేమిటయ్యా అన్నాను.

"బండికి ముందుగాల ఆగుడు నేర్పాలె తమ్మీ. ఉరుకుడు దానంతట అదే ఒస్తది."

అవన్నీ అయ్యాకే చిన్న టర్బో బిగించాడు. ట్రయల్ రోజున నన్ను స్టీరింగ్ ముందు కూర్చోబెట్టి, తను వెనక పైపులు పెట్టే చోట బరువులతోపాటు ఎక్కి కూర్చున్నాడు. సరుకులాగా కూర్చుంటే కానీ బండి ఎలా లాగుతుందో తెలియదట. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ లారీల మధ్య నుంచి నత్తలా బయటపడి, బాలాపూర్ వైపు ఎత్తు మీదికి వెళ్లాం. ఏమాటకామాటే చెప్పుకోవాలి, బండి మారిపోయింది. అరవడం లేదు, దగ్గడం లేదు, నింపాదిగా ఎక్కేస్తోంది. వెనక్కి వచ్చాక డీజిల్ పంపు స్క్రూ మీద తెల్ల రంగుతో చిన్న గుర్తు పెట్టాడు. గాలి ఎంతో డీజిల్ అంత, ఈ గుర్తు దాటొద్దు అన్నాడు. నేను తల ఊపాను. తల ఊపడంలో నన్ను మించినవాడు లేడు.

తర్వాత ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు ఆగాయి, బడులు మూతపడ్డాయి. చుట్టుపక్కల మెకానిక్‌లంతా షెడ్లు బంద్ పెట్టారు. ఎల్బీ నగర్ చౌరస్తా దగ్గర రిలే దీక్షల టెంటు వేశారు. సమ్మె అయిపోయేదాకా పానా పట్టనని ఉస్తాద్ ఆ టెంటులో మైకు ముందు మాట ఇచ్చాడు. నాకేమో కరెంటు కోతలకు మోటార్లు వరసగా కాలిపోతున్నాయి, రోడ్డు తెరిచి ఉండే రోజులు తక్కువ. షెడ్డు మూసే రోజున వెళ్లి, మీ ఉద్యమం మీకేమిస్తుందో కానీ నా పొట్ట మాత్రం కొడుతోంది అనేశాను. అన్నది నేనే. ఆ మాట ఈరోజుకీ నన్ను గుచ్చుతుంది. ఆయన షట్టరు దించి తాళం వేసుకుని వెళ్లిపోయాడు.

ఒక్క రోజులో రెండు రోజుల పని చేయాలన్న ఆత్రంలో వేరే ఊళ్లో ఒకాయన చేత, డీజిల్ ఎక్కువ వచ్చేలా, ఆ పంపు స్క్రూ తిప్పించాను. బండి గుర్రమైపోయింది. నాలుగు రోజులు నా అంతటివాడు లేడనుకున్నాను. అయిదో రోజు ఎండలో, నిండా పైపులతో, ఎత్తు మధ్యలో వేడి ముల్లు పైకి లేచింది, తెల్లపొగ కమ్మింది, బండి ఆగిపోయింది. ట్రాక్టరుకు కట్టి ఇంటి పక్క ఖాళీ జాగాలోకి ఈడ్చుకొచ్చాను. ఇంజన్ పైమూత, అదే హెడ్, దాని కింద ఉండే పలచటి గ్యాస్కెట్ రేకు పోయిందని నాకే అర్థమైంది. అటు ముగ్గురు రైతుల మోటార్లు నా దగ్గరే ఉన్నాయి, వాళ్ల వరి పొట్ట మీద ఉంది. వారంలో నీళ్లు పెట్టకపోతే చేలు ఎండిపోతాయి, వాళ్లతోపాటు నేనూ పోతాను. బండి తప్ప నాకింకో ఆధారం లేదు.

టెంటు దాకా నడిచి వెళ్లి రోడ్డుకు ఇవతలే నిలబడిపోయాను. అనకూడని మాట అన్నవాణ్ణి, పైగా నోరు విప్పితే యాస పట్టిస్తుంది. ఉస్తాద్ నన్ను చూసి తనే రోడ్డు దాటి వచ్చాడు. ఉన్నదంతా చెప్పేశాను.

"స్క్రూ ఎన్ని చుట్లు తిప్పించినవ్?"

"ఒకటిన్నర."

ఆయన వెనక్కి వెళ్లి టెంటులో కూర్చున్నాడు. నా కథ ముగిసిందనుకుని ఇంటికొచ్చి పడుకున్నాను.

మర్నాడు పొద్దున్నే గేటు చప్పుడైంది. తెల్ల చొక్కాతో, చంకలో ఒక పలచటి ప్యాకెట్‌తో ఉస్తాద్. విప్పి చూస్తే నా ఇంజన్‌కు సరిపోయే కొత్త హెడ్ గ్యాస్కెట్. సమ్మెలో ఇది ఎక్కడ దొరికిందని అడిగితే, బండి నీకు అప్పజెప్పిన రోజే కొని ఇంట్లో పెట్టానన్నాడు. నా గుణం నాకంటే ముందే ఆయనకు తెలుసన్నమాట. మా ఆవిడ నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పోయింది.

కుర్చీ తెప్పించుకుని బండి ముందు కూర్చున్నాడు. నా పానాల పెట్టెనే నా వైపు తోశాడు, అదీ కాలితోనే.

"నా చేతులు బంద్‌ల ఉన్నయి తమ్మీ, నోరు లేదు. నేను చెప్త, నువ్వు ఇప్పు."

రెండు రోజులు. మోటార్లు తప్ప ఇంజన్ జోలికి పోనివాణ్ణి. ఏ పైపు ముందు, ఏ బోల్టు తర్వాత, ఏది ఏ డబ్బాలో వేయాలి, అన్నీ కుర్చీలోంచే. నేను తప్పు బోల్టు పట్టుకుంటే ఆయన చేతులు ముందుకు లేచేవి, మళ్లీ చంకల్లో దాచుకునేవాడు. ముప్పై ఏళ్లు పని చేసిన చేతులకు ఊరకుండటం ఎంత కష్టమో అప్పుడు చూశాను. హెడ్ విప్పాక దాని మీద స్టీలు స్కేలు నిలబెట్టించి, కింద నుంచి వెలుతురు కనబడుతుందేమో చూడమన్నాడు. కనబడలేదు. హెడ్ వంగలేదు, బతికినవ్ పో అన్నాడు. టర్బో చక్రాన్ని వేలితో తిప్పించి, అటూ ఇటూ కదిలించి చూపించమన్నాడు. అదీ నిలబడింది. బోల్టులు బిగించేటప్పుడు నడిమి నుంచి బయటికి, మూడు దఫాలుగా. తొందరపడితే మొత్తం విప్పించి మొదటికి తెచ్చాడు. తిట్టుకున్నాను, లోపల్లోపలే.

ఒక్కసారి కూడా నా ఆ మాట ఎత్తలేదు. నేనే ఉండబట్టలేక, ఆరోజు నోరు జారానని అన్నాను. "ఆకలిల అన్నవ్, తెల్వదా" అని, పదో బోల్టు చూడమన్నాడు.

రెండో రోజు మధ్యాహ్నం ఇంజన్ అందుకుంది. ఇక స్క్రూ ఎక్కడ పెట్టుకుంటావో నీ ఇష్టమని మొహం అటు తిప్పుకుని కూర్చున్నాడు. ఒకటిన్నర చుట్టు వెనక్కి తిప్పి తెల్ల గుర్తు మీదికి తెచ్చాను. ఆ రోజు నుంచి ఆ బండిని అమ్మేదాకా అక్కడే ఉంది. ఈరోజు నా పిల్లలు తిన్న అన్నంలో ఆ రెండు రోజుల వాటా ఉంది, చెప్పడానికి నాకేం సిగ్గులేదు.

ఆ మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా దీక్షలో కూర్చోవడం ఆయన వంతు. ఆటోలు లేవు, దింపమన్నాడు. బండి తీశాను. టెంటు ముందు ఆగగానే నలుగురు లేచి వచ్చారు. ఒకాయన నన్నూ బండినీ చూసి, "ఏంది ఉస్తాద్, పానా పట్టనని మైకుల చెప్పి ఆంధ్రాయన బండి చేసినవా?" అన్నాడు.

ఉస్తాద్ మరక లేని తన రెండు అరచేతులూ చాపి చూపించాడు. తర్వాత గ్రీజుతో నల్లగా ఉన్న నా చేతిని పట్టుకుని పైకెత్తాడు.

"చేసింది గీ చెయ్యి. రెండు దినాల సంది నా మాట ఇన్నడు. జర జాగ ఇయ్యుండ్రి, నా పక్కన కూసుంటడు."

జరిగారు. కూర్చున్నాను. నా వేళ్ల నలుపు ఆయన అరచేతి నిండా అంటుకుంది. తుడుచుకోలేదు. సాయంత్రం దీక్ష విరమించే వేళకు వరసగా అందరికీ నిమ్మరసం ఇచ్చారు. ఆయన ఆ చేత్తోనే గ్లాసు అందుకుని, సగం తాగి, మిగతాది నాకిచ్చాడు. గాజు మీద నాలుగు నల్లటి వేళ్ల అచ్చులు.