నా జేబులో ఆగిపోయిన సందేశం

పక్కవాడి గెలుపు మీ చేతుల మీదుగా పోవాల్సి వస్తే, అసూయతో ఎప్పుడైనా ఆపేశారా? నేను ఆపాను.

రెండు వేల సంవత్సరం దాటాక, విజయవాడలో ఎంటెక్ చదువుతున్న రోజులు. టవర్ల అవసరం లేకుండా, జనం జేబుల్లోని ఫోన్లే బ్లూటూత్‌తో ఒకదానికొకటి అందించుకుంటూ సందేశాన్ని చేర్చగలవా? అదీ మా ప్రాజెక్టు. కొండపల్లి నుంచి వచ్చే విద్యార్థి ఫోన్‌లో బయల్దేరిన సందేశం, హనుమాన్ జంక్షన్ ఎస్టీడీ బూత్‌లో మేం పెట్టిన ఫోన్‌కు చేరాలి.

ఎదురైన ప్రతి ఫోన్‌కూ ఒక కాపీ ఇవ్వడం నా పద్ధతి. మధ్యాహ్నానికే ఫోన్లు నిండిపోయి చార్జింగ్ అయిపోయేది. ప్రాజెక్టులో నాతో ఉన్న మిత్రుడిది వేరు. ఏ ఫోన్ ఎవరిని తరచూ కలుస్తుందో గుర్తుపెట్టుకుని, గమ్యాన్ని ఎక్కువగా కలిసేదానికే ఉన్న ఒక్క కాపీ ఇవ్వాలి. పుట్టుకతో వచ్చిన తెలివి అనను, అలాంటివి నేను నమ్మను. వాళ్ల నాన్న వన్‌టౌన్‌లో దర్జీ. కుట్టిన బట్టలు ఊరికి పంపాలంటే, రోజూ అటు వెళ్లే మనిషి చేతికే ఇచ్చేవాడు.

"నువ్వు కరపత్రాలు పంచుతున్నావు బాబాయ్. చివరికి బజ్జీలు కట్టుకోవడానికే!" అన్నాడు ల్యాబ్‌లో. నేను బస్టాండులో హేతువాద కరపత్రాలు పంచేవాణ్ని మరి. మా గైడ్ మేడమ్ కూడా నవ్వారు. ఆ నవ్వు నన్ను వారం రోజులు కాల్చింది.

చివరి పరీక్షలో అతని సందేశం చేరితే సెమినార్‌కు అతను, చేరకపోతే నేను. ఆ శనివారం అతని ఒక్క కాపీ నా ఫోన్‌కే వచ్చింది. నేను ప్రతి శనివారం చర్చావేదిక కోసం జంక్షన్ వెళ్తానని, ఆ బూత్ పక్కనే కూర్చుంటానని అతని పద్ధతి కనిపెట్టేసింది! దానికీ కడుపు మండింది. బ్లూటూత్ ఆపేశాను.

ఎదుటివాడి వాదాన్ని అతనే ఔననేలా చెప్పాకే ఖండించాలన్నది మా వేదిక నియమం. ఆ సాయంత్రం నియమం తప్పకుండా మాట్లాడి చప్పట్లు కొట్టించుకున్నాను. నా మిత్రుడి వాదం మాత్రం నా జేబులోనే ఉంది.

సోమవారం అతనే అడిగాడు: "నీకు అందించిన ఫోన్‌లో చూశాను, నీ దాకా వచ్చిందిరా. చార్జింగ్ అయిపోయిందా?"

సాకు కూడా అతనే అందించాడు. తల ఊపాను. సెమినార్‌కు నేను వెళ్లాను.

ఇది ముందు అతనికి పంపి, తర్వాతే అచ్చుకిస్తున్నాను. మీరూ ఎవరిదైనా ఆపి ఉంటే, ఈ కాగితం పక్కన పెట్టి, ఇప్పుడే వాళ్లకు చెప్పండి.