నేను పోతే వాళ్లకు ఎవరు చెప్తారు?

2023 వానాకాలం. హనుమకొండలో మందుల షాపు పైన గది అద్దెకు తీసుకొని నేను థెరపిస్టుగా ప్రాక్టీసు పెట్టి అప్పటికి పదకొండేళ్లు. మా మెట్లెక్కితే చాలు, పిచ్చి లేసిందనే ఊరు మాది. అందుకే క్లయింట్ల నంబర్లు ఫోన్‌లో అసలు పేర్లతో పెట్టుకునేదాన్ని కాదు. గ్యాస్, ప్లంబర్, పికో ఫాల్... ఎవరెవరో నా ఒక్కదానికే తెలుసు. ఆ తెలివికి నన్ను నేనే మెచ్చుకునేదాన్ని.

ఆ పికో ఫాల్ కాజీపేట రైల్వే క్వార్టర్స్ నుంచి వచ్చేది. ఆమెను ఇక్కడ రజియా అంటాను. కడుపులోనే బిడ్డ పోయింది. ఇంట్లో ఎవరి ముందూ ఏడవలేక, చీరకు ఫాల్ కుట్టించుకొస్తానని చెప్పి ప్రతి మంగళవారం నా దగ్గరికి వచ్చి ఏడ్చి పోయేది. సంచిలో ఎప్పుడూ అదే ఆకుపచ్చ చీర.

ఇంతలో నాకు డెంగీ వచ్చింది. పన్నెండు రోజులు దవాఖానాలో ఉన్నాను, ఫోన్ మా వదిన చేతిలో ఉంది. పికో ఫాల్ అని ఫోన్ రాగానే వదిన, చీరలు కుట్టే మనిషే అనుకుంది. "ఆమె నీతోని మాట్లాడదమ్మా. పనుంటే మేమే చేస్తం, నువ్వు మల్ల చెయ్యకు" అని పెట్టేసింది.

కోలుకున్నాక నాలుగుసార్లు చేస్తే గానీ రజియా ఫోన్ ఎత్తలేదు.

"ఒక్కతీరుగ ఏడుస్తున్ననని మీకు యాష్టకొచ్చిందనుకున్న మేడం" అంది వచ్చి కూర్చొని. జరిగింది చెప్పాను. కొంచెం నవ్వింది. తర్వాత, "అల్లా మిమ్మల్ని సల్లగ చూడాలె గని, మీకేమన్నయితే నాకెవలు చెప్తరు?" అని అడిగింది.



మా వృత్తిలో దీనికి ప్రొఫెషనల్ విల్ అని ఒకటుంది. థెరపిస్టు హఠాత్తుగా పోయినా, మంచాన పడినా క్లయింట్లకు ఎవరు చెప్పాలో, ఎలా చెప్పాలో, ఫైళ్లు ఏం చెయ్యాలో అందులో రాసిపెట్టాలి. ఆ పని చూసే మనిషిని ఎగ్జిక్యూటర్ అంటారు. ఆ మనిషి కూడా ఈ వృత్తిలో ఉంటే మంచిది.

ఆ ఆదివారం కాగితం ముందేసుకొని కూర్చుంటే ఎగ్జిక్యూటర్ అన్నచోట పెన్ను ఆగిపోయింది. క్లయింట్ల గుట్టు వదినకు చెప్పలేను. ఈ పదకొండేళ్లలో నా వృత్తివాళ్లతో కలిసి ఒక్క చాయ్ తాగింది లేదు. ఇంతమంది దుఃఖం విన్నదాన్ని, అక్కడ రాసుకోవడానికి నాకు ఒక్క పేరు దొరకలేదు. ముందు సిగ్గేసింది, తర్వాత ఏడుపొచ్చింది.

చివరికి కరీంనగర్‌లో ప్రాక్టీసు చేస్తున్న పాత క్లాస్‌మేట్ సరళకు ఫోన్ చేశాను, ఆరేళ్ల తర్వాత.

"బతికే ఉన్నవా తల్లీ?" అంది.

"పోయినంక ఏం చెయ్యాల్నో చెప్పనీకే చేసిన" అన్నాను.

సంగతంతా వింది. "సరే, నా పేరు రాస్కో. గని నాది నువ్వు చూడాలె. నాకు మాత్రం ఎవరున్నరే?" అంది.

తర్వాత ఒక్కొక్క క్లయింటునూ అడిగాను, నాకేదైనా అయితే ఏమని కబురు పంపాలని. రజియా చీర సంచిలో సర్దుకుంటూ చెప్పింది:

"చీర తయారైంది, వచ్చి తీస్కపొమ్మని చెప్పమనుండ్రి. నాకు సమజైతది. గని ఇంట్ల ఏడ్వనియ్యరు మేడం. ఆ దినం ఈ గది జర తెరిచి పెట్టుమనుండ్రి."

గుట్టంతా నా ఒక్కదాని దగ్గరే ఉంటే వాళ్లకు భద్రమనుకున్నాను. వాళ్లను కూడా నాలాగే ఒంటరివాళ్లను చేస్తున్నానని రజియా వల్ల తెలిసింది. విల్లులో చివరి మాట ఆమెదే. నేను పోయాక వచ్చే మొదటి మంగళవారం సరళ వచ్చి గది తెరవాలి. ఎవరు వచ్చి కూర్చొని ఏడ్చినా పేరు అడగకూడదు.