బుచ్చవ్వ ఉడకబెట్టిన స్వెటర్లు

ఖానాపూర్‌లో మగ్గం మూలన పడ్డాక, బుచ్చవ్వ పెనిమిటి లింగమూర్తికి బెల్లంపల్లి బొగ్గుబాయిలో పని దొరికింది. అది యాభై ఏడో సంవత్సరం. వాళ్లు వచ్చిన నాలుగో నెలలో పుష్యమాసపు చలి పట్టుకుంది. గని లైన్‌లో ఇళ్లన్నీ ఒకే గోడకు ఆనుకునే ఉంటాయి. అయినా ఏ ఇల్లాలూ ఆమెను ఇంకా ‘రా, కూసో’ అనలేదు.

అంగడిలో కుప్పపోసి అమ్మే పాత స్వెటర్లు లైన్‌లో ఇంటింటా ఉండేవి. మోచేతులు చిరిగి, మెడలు సాగి, మగవాళ్లు విడిచేసినవి. వాటితో పిల్లలకు కుల్లాయిలు కుడతానని బుచ్చవ్వే నోరు జారింది. పక్కింటి గంగుబాయి తనదీ, మరో ఆరిళ్లవీ పోగుచేసి తెచ్చి గడపలో పడేసింది.

“సాలోల్ల బిడ్డవు, బట్ట సంగతి నీకు ఎర్కనే గద. ఖరాబు చేసినవనుకో, లైన్ల తలెత్తుకోలేవు, చూస్కో!”

నవ్వుతూనే అన్నది. బుచ్చవ్వకు మాత్రం నవ్వు రాలేదు.

మొదటిదానికి కత్తెర పెట్టగానే అంచు నుంచి పోగు జారింది. లాగితే లాగినంత వచ్చి ఒళ్లో కుప్పయింది. ఆమె చేతులకు తెలిసింది నేసిన బట్ట, ఇదేమో అల్లిక. అత్త నేర్పిన మాట గుర్తొచ్చింది: పోగు నిలవకుంటే ఉడకబెట్టి గంజి పెట్టాలి. మిగిలిన ఆరింటినీ సలసల కాగే గంజిలో వేసి, కర్రతో కలియబెట్టి, బండ మీద బాది ఆరేసింది.

మర్నాడు పొద్దున తీసి చూసింది. మగవాడికి సరిపోయే స్వెటర్ మూడేళ్ల పిల్లకైనా పట్టేలా లేదు. అన్నీ అట్టల్లా బిగుసుకున్నాయి. ముద్ద ముట్టలేదు. మధ్యాహ్నం గంగుబాయి రానే వచ్చింది.

“ఏందే, చాప కింద దాస్తున్నవ్?” అంటూ గుంజి చూసింది. “అగో! గిది మా ఆయనదేనా? కోడిపిల్లకు తొడుగుతవా ఏంది?”

“ఉడకబెట్టిన అక్కా. నూలు లెక్కనే అనుకున్న.”

“ఉన్నిని ఉడకబెట్టినవా! ఇగ ఫికరెందుకే, ఎట్లాగూ పోయింది. కొయ్యి, చూద్దాం.”

బుచ్చవ్వ కళ్లు తుడుచుకుని కత్తెర పెట్టింది. అంచును గోరుతో గీకింది, పళ్లతో లాగింది. వేడికి ఉన్ని పోగులు ఒకదానికొకటి పెనవేసుకున్నాయి, ఒక్కటీ జారలేదు. కంబళి ముక్కలా మందంగా, బిగువుగా నిలిచింది.

“అక్కా, నిలబడ్డది!”

ఒక్కో స్వెటర్‌కు రెండేసి కుల్లాయిలు లెక్కతేలాయి. మొదటిదాని నుంచి ఊడిన పోగే కుట్టుదారమైంది. సాయంత్రానికి తయారైన తొలి కుల్లాయిని గంగుబాయి తన నెత్తినే పెట్టుకుని చెవులదాకా లాక్కుంది.

“జర కూడా గాలి తగుల్తలేదే! పోరగాండ్లకు తర్వాత, ముందుగాల గిది నాదే. అవునూ, నువ్వు తిన్నవా?”

“లే.”

“రా, కూసో. జొన్నగటక ఉన్నది.”

గంగుబాయి గడప లోపల బుచ్చవ్వ కాళ్లు బారజాపి కూర్చుంది. రెండుసార్లు వేయించుకుని తిన్నది.