బహ్లా వాగులో మోగిన బండ

దయ్యాలంటే నాకు చిన్నప్పటి నుంచీ నమ్మకం లేదు. ఎవరైనా అలాంటివి చెబితే నీకు నిద్ర తక్కువైందని నవ్వేవాణ్ణి. అందుకే ఈ సంగతి ఇంట్లో కూడా చెప్పలేదు. చెబితే అదే మాట నన్నంటారు.

మాది జగిత్యాల దగ్గర. రాతిగోడలు కట్టే మేస్త్రీని. ఒమన్‌లో బహ్లా ఊరి బయట, ఎండిన వాగు ఒడ్డున గోడ కట్టే పని. ఆ సైట్‌లో ఇద్దరమే ఉండేవాళ్ళం, నేను, మా పక్క ఊరి రాజేశం అన్న. ఆయన పైకొసన, నేను కిందికొసన.

మా పనిలో రాయిని గోడలో పెట్టే ముందు సుత్తితో తట్టి చూస్తాం. ఖంగుమంటే గట్టి రాయి. మొద్దుగా పలికితే లోపల పగులున్నట్టు, పక్కన పడేస్తాం.

మేం అన్నం తినే షెడ్డు పక్కన సగం పూడిన నల్లబండ ఒకటి ఉండేది. కొడితే కంచు పళ్ళెంలా మోగేది. రాజేశం అన్న దాన్ని మా అన్నం గంట చేశాడు. రెండు దెబ్బలు కొట్టేవాడు, మధ్యలో కాస్త ఆగేవాడు. నేను బద్ధకిస్తే, "ఆకలున్నా లేకున్నా టైముకు తినాలె తమ్మీ. ఈడ మనల్ని తిన్నవా అని అడిగెటోళ్లు ఎవ్వలున్నరు?" అనేవాడు.

ఒకరోజు డ్యూటీలోనే గుండె పట్టుకుని కూలబడ్డాడు. ఆస్పత్రికి చేరేలోపే పోయాడు. పెట్టెలో ఊరికి పంపారు. కంపెనీ వేరే మనిషిని పంపలేదు. అంత వాగులో నేనొక్కణ్ణే. ఏడుపు కూడా రాలేదు. తిండి మీద ధ్యాస పోయింది. అన్నం డబ్బా తెచ్చింది తెచ్చినట్టే రూమ్‌కు పట్టుకెళ్ళేవాణ్ణి. చిక్కిపోయాను, రాయి ఎత్తితే కళ్ళు తిరిగేవి.

అలాంటి ఒక మధ్యాహ్నం బండ మోగింది. రెండు దెబ్బలు, మధ్యలో ఆ ఆగడం. వెళ్లి చూస్తే ఎవరూ లేరు. అరచెయ్యి ఆనిస్తే ఇంకా సన్నగా అదురుతోంది. ఎండకు రాళ్ళు చిట్లి చప్పుడు చేస్తాయి, అదే అనుకున్నాను. ఎలాగూ షెడ్డు దాకా వచ్చాను కదా అని డబ్బా విప్పి తిన్నాను.

మర్నాడూ మోగింది. ఆ తర్వాతా మోగింది. భయం వేయలేదు. సిగ్గు విడిచి చెప్పాలంటే, దానికోసం ఎదురుచూసేవాణ్ణి. పోనీ నా చెవుల దోషం అనుకుందామంటే, నీళ్ల ట్యాంకర్ తెచ్చే కడప సలీం భాయ్ నాతో మాట్లాడుతుండగా కూడా మోగింది. ఆయన అటు చూసి, "నువ్వు ఈడే ఉండావు గదప్పా, ఆ రాయి కొట్టేదెవురు?" అన్నాడు.

గోడ ఆ బండ దాకా వచ్చింది. పునాదికి అడ్డమని పగలగొట్టమన్నాడు ఫోర్‌మన్. మంచి రాయి, మోగే రాయి, గోడనే కాస్త జరుపుదామని బతిమాలాను. నమ్మించడానికి సుత్తితో కొట్టి చూపించాను. మొద్దుగా పలికింది. ఎక్కడ కొట్టినా అంతే. చుట్టూ మట్టి తీసి చూస్తే, పైనుంచి కిందిదాకా నిలువునా పగులు. అందులో మట్టి గట్టిపడి, ఏదో పొద వేరు బొటనవేలంత లావున పాకి ఉంది. నిన్నమొన్నటి పగులు కాదది.

అలాంటి రాయి మోగదు. మేస్త్రీగా ఆ ఒక్కటీ నాకు ఖాయంగా తెలుసు. మరి బతికున్నన్నాళ్ళూ అన్న మోగించిందేమిటి, ఆయన పోయాక నేను విన్నదేమిటి? ఇప్పటికీ చెప్పలేను.

సాయంత్రానికి బండ ముక్కలైంది. మర్నాడు మధ్యాహ్నం షెడ్డులో కూర్చుని చాలాసేపు చెవులు రిక్కించాను. గాలి తప్ప ఏమీ లేదు. నాకు నేనే డబ్బా విప్పుకున్నాను. రెండు ముద్దలు తిన్నాక, రాజేశం అన్న పోయాడని మొదటిసారి ఏడ్చాను.