నాయన తుడిచిన విమానం

మా నాయన వైమానిక దళంలో ఫిట్టరు. నాకు నాలుగేళ్ళప్పుడు, ఉత్తరాదిలో ఆయన పనిచేసే చోట, డ్యూటీకి సైకిలు మీద పోతుంటే లారీ గుద్ది చనిపోయాడు. ధర్మవరానికి టెలిగ్రాం వచ్చాక అమ్మ నన్ను చంకనేసుకుని మూడు రైళ్ళు మారి అక్కడికి చేరేసరికి దహనం కూడా అయిపోయింది. దళంవాళ్ళు ఆమె చేతికి ఆయన ట్రంకుపెట్టె ఇచ్చి వెనక్కు పంపారు. అందులో రెండు జతల బట్టలు, గడ్డం గీసుకునే సామాను, ఒక ఫోటో ఉన్నాయి.

ఫోటోలో నాయన నిచ్చెన మీద నిలబడి, గుడ్డతో విమానం అద్దం తుడుస్తున్నాడు. ముఖం సగమే కనిపిస్తుంది. వెనకవైపు ఆయన చేతిరాతతో "నా విమానం" అని ఉంది. అమ్మకు ఇరవై రెండేళ్ళు. అప్పటినుంచి పట్టు మగ్గాలవాళ్ళకు కండెలు చుట్టి నన్ను చదివించింది. నేను పెనుకొండలో ఫిజిక్సు మాస్టరునయ్యాను. నా దగ్గరికి వచ్చి ఉండమంటే "చెయ్యాడినన్ని దినాలు ఈడనే" అని ధర్మవరం వదల్లేదు.

పదిహేనేళ్ళ కిందట హిందూపురం శివార్లలో ఒక కాలేజీవాళ్ళు పాత యుద్ధ విమానాన్ని తెచ్చి గేటు లోపల దిమ్మె మీద నిలబెట్టారు. అమ్మ ఏదో పెళ్ళికి పోతూ బస్సులోంచి దాన్ని చూసి, వెంటనే నాకు ఫోన్ చేసింది.

"అప్పా, మీ నాయన విమానం ఈడికొచ్చిండాది!"

"అట్లాంటివి వందలుంటాయమ్మా."

"నాకు తెలీదా? దినామూ చూసే ఫోటోనే కదా. అదే మూతి, అవే రెక్కలు."

ఆ ఏడాది నుంచి నాయన పోయిన రోజున ఇద్దరం హిందూపురం పోయేవాళ్ళం. ఆమె ధర్మవరంలో ప్యాసింజరు ఎక్కేది. పెనుకొండ స్టేషన్లో బండి ఆగేసరికి తలుపు దగ్గరే నిలబడి, నేను కనబడేదాకా ప్లాట్‌ఫారమంతా వెతికేది. కాలేజీలో ఆమెకు అందేది విమానం చక్రమే. దాని మీద అరచెయ్యి పెట్టి చాలాసేపు నిలబడేది. ఏదో గొణిగేది. మూర కనకాంబరాలు అక్కడ పెట్టి వచ్చేది. తిరుగు ప్రయాణంలో ఆమె ముఖం తేటగా ఉండేది. అంత దూరం పోయినా బూడిద కూడా చూడని మనిషికి, ఆయన చెయ్యి తగిలిన వస్తువు ఒకటి దొరికింది.

ఒకసారి ఆ కాలేజీలో సెక్యూరిటీ సూపర్‌వైజరుగా కొత్త మనిషి వచ్చాడు. గుడిబండ వైపు ఆయన, వైమానిక దళంలో పనిచేసి రిటైరయ్యాడు. అమ్మ చక్రం దగ్గరుంటే నేను ఆయనకు నా ఫోన్‌లో నాయన ఫోటో చూపించి, ఇదేనా అని అడిగాను. ఆయన దాన్ని పెద్దది చేసి చూసి, తలెత్తి విమానాన్ని చూశాడు.

"ఇది అది కాదు సార్," అన్నాడు మెల్లగా. "రెండూ మిగ్ ఇరవయ్యొక్కటే. మీ నాయన తుడిచేది టైపు డెబ్బై ఏడు. ఈడుండేది తొంభై ఆరు."

"ఎట్లా చెప్తారు?"

"ఫోటోలో చూడండి, అద్దమంతా ఒకే ముక్క. ముందుకు లేచి మూతి మీద వాలిండాది. దీనికి ముందరద్దం కదలదు, వెనకది పక్కకు తెరుచుకుంటాది. మూతి మీద కడ్డీ ఉండాది కదా, దాంట్లో సరిగ్గా నడిమధ్యన. దీంట్లో చూడండి, కుడిపక్కకు జరిగిండాది." నాయన ఎప్పుడు పోయాడని అడిగాడు. చెప్పాను. "అప్పటికి ఈ రకం ఇంకా మన చేతికి రాలేదు సార్."

తర్వాత అమ్మ వైపు చూసి, "ఆయమ్మకు చెప్పొద్దులెండి. చెప్పకుంటే ఏం పోతాది?" అన్నాడు.

ఆ మాట నేను పట్టించుకోలేదు. నాయన గురించి నాకై నేను తెలుసుకున్న మొదటి సంగతి అది. ఆయన గొంతు గుర్తులేదు, నడక గుర్తులేదు. ఇప్పుడు ఆయన తుడిచిన విమానం ఖచ్చితంగా ఏదో తెలిసింది. ఆ సంబరంలో, రైలు హిందూపురం దాటగానే అమ్మకు ఫోటో చూపించి, పిల్లలకు పాఠం చెప్పినట్టు అద్దం సంగతీ కడ్డీ సంగతీ అంతా విడమరిచి చెప్పాను.

ఆమె శ్రద్ధగా విన్నది. చివరికి ఒకటే అడిగింది.

"అయితే మీ నాయన దాన్ని ముట్టనే లేదా?"

"లేదమ్మా. అది వచ్చింది ఆయన పోయినాక."

"అట్లనా" అని కిటికీ వైపు తిరిగింది. పెనుకొండ వచ్చింది. నేను దిగాను. ఎప్పుడూ చెయ్యూపే మనిషి ఆ రోజు ఊపలేదు. బండి ఆమెను ఒక్కదాన్నే తీసుకుని ధర్మవరం పోయింది.

మరుసటి ఏడాది ఆ రోజు ప్యాసింజరు వచ్చింది, తలుపులో అమ్మ లేదు. ఫోన్ చేశాను.

"దేనికప్పా పోయేది? అది ఎవురిదో," అంది. కోపం లేదు ఆ గొంతులో. కోపమన్నా ఉంటే బాగుండేది.

డెబ్బై ఏడు ఎక్కడెక్కడ నిలబెట్టి ఉందో వెతికాను. ఒకటి చాలా దూరాన, వేరే రాష్ట్రంలో ఉందని తెలిసింది. దసరా సెలవుల్లో పోదామని టికెట్లు కూడా తీశాను. అంతలో అమ్మ బాత్రూములో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. పెనుకొండలో మా ఇంట్లో మంచంలో ఉన్న ఆమెకు ఆ విమానం ఫోటో ఫోన్‌లో చూపిస్తే, వేలితో ఒకసారి తాకి ఫోన్ నాకిచ్చేసింది.

"బాగుండాది. నువ్వు పో, బడికి టైమైతాంది."

పోయిన వానాకాలంలో ఆమె చనిపోయింది. పరామర్శకు ఆ సూపర్‌వైజరు వచ్చాడు. "మీరు రావడం మానేసినప్పుడే అర్థమైంది. ఆ దినం నేను నోరు మూసుకొనుండాల్సింది సార్," అన్నాడు. మీ తప్పేమీ లేదన్నాను. నిజంగానే లేదు. ఆయన నాకు చెప్పాడు, అదీ నేనడిగితే. అమ్మ నన్ను చెప్పమని అడగలేదు.

ఇప్పుడు హిందూపురంలో పని పడితే ఆ కాలేజీ ముందర పోయే బస్సు ఎక్కను. రైల్వే స్టేషన్లో దిగి, అట్నుంచి అటే ఊళ్ళోకి నడిచిపోతాను.