పడి లేచే పిల్లి

మా మనవరాలు ఈ మధ్య ఒక పిల్లిని తెచ్చుకుంది. కొన్నది కాదు. దిక్కులేని పిల్లులను చేరదీసే చోటు ఒకటి మణికొండ వైపు ఉందట, అక్కడి నుంచి తెచ్చింది. అక్కడ ఒళ్లు బాగున్న పిల్లులు ఎన్నో ఉండగా, మూర్ఛలు వచ్చేదాన్ని ఏరి మరీ ఇంటికి పట్టుకొచ్చింది. దానికి పొద్దున ఒక మాత్ర, సాయంత్రం ఒక మాత్ర, బతికినన్నాళ్లూ వేయాలి. నా మందుల డబ్బా పక్కనే దాని డబ్బా కూడా పెట్టింది. కొండాపూర్‌లో ఇంత ఎత్తు అంతస్తులో మేమిద్దరం ఒకే వేళకు మందు పుచ్చుకుంటున్నాం. నేను నోరు మూసుకుని మింగుతాను, అది వేసినవాళ్ల వేలు కొరుకుతుంది, అంతే తేడా. నిన్న మధ్యాహ్నం అది హాల్లో నడుస్తూ నడుస్తూ పక్కకు ఒరిగిపోయింది. కాళ్లు టపటపా కొట్టుకున్నాయి, నోట్లో నురగ వచ్చింది. ల్యాప్‌టాప్ ముందు ఆఫీసు మీటింగ్‌లో ఉన్న పిల్ల "నానమ్మా, చచ్చిపోతోంది!" అంటూ పరుగున వచ్చి దాన్ని ఒళ్లోకి తీసుకోబోయింది. "ముట్టకు! పడ్డప్పుడు ముట్టొద్దు. అదే లేస్తది!" అని అరిచాను. ఆ అరుపుకు మీటింగ్‌లో వాళ్లంతా ఉలిక్కిపడ్డారట. నాకు అంత గొంతు ఉందని నాకే తెలియదు. నిజానికి ఆ మాట నాది కాదు, మా మేనత్తది. అత్తకు కూడా అది సొంత మాట కాదు.

ఈ భవనాలు లేచిన నేల అప్పట్లో జొన్నచేలు, సీతాఫలం పొదలు, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న పెద్ద పెద్ద గుండ్లు. మా అత్తావాళ్ల ఊరు ఆ గుండ్ల మధ్యే ఉండేది. మా నాన్న నన్ను అక్కడికి పంపింది భద్రంగా ఉంటానని. మా జిల్లాలో ఊళ్లు తగలబడుతున్నాయి, పట్నం దగ్గర అయితే చీమ కూడా కుట్టదని ఆయన నమ్మకం. తెల్లవాళ్లు వెళ్లిపోయారని దేశమంతా మిఠాయిలు పంచుకుంటున్న రోజులు. మా సంస్థానంలో మాత్రం మిఠాయికి బదులు లాఠీలు పంచారు. జాగీరు తరఫున ధాన్యం వసూలు చేసే జమేదారు ఒకడు ఉండేవాడు. వాడి వెంట తుపాకులవాళ్లు, కర్రలవాళ్లు. వాళ్లలో సగం మంది మా చుట్టుపక్కల ఊళ్లవాళ్లే, పేరు పెట్టి పిలవగలిగినవాళ్లే. ధాన్యం దాచారని తెలిస్తే ఇల్లు తగలబెట్టేవాళ్లు, దాచలేదని చెబితే చావడి ముందు కట్టేసి తడిపిన చింతబరికెలతో కొట్టేవాళ్లు. మా పక్కింటి కుమ్మరి కొడుకు కాలు నా కళ్ల ముందే విరగ్గొట్టారు. ఆ కుర్రవాడు ఏడవలేదు, వాళ్ల అమ్మ ఏడ్చింది, ఆమెను కూడా కొట్టారు. నాకు అప్పటికి తొమ్మిదేళ్లుంటాయేమో. ఏ ఇంట్లోంచి ఏ గొంతు ఏడుస్తోందో వాకిట్లో కూర్చునే చెప్పగలిగేదాన్ని. ఆడపిల్లకు రావలసిన విద్యలలో అదొకటి అనుకునేదాన్ని.

మా అత్త కోపిష్టి. చేతిలో ఏది ఉంటే అది విసిరేది. అందుకే ఆమె చేతిలో రోకలి ఉన్నంతసేపు మామ ఏమీ మాట్లాడేవాడు కాదు, మాట్లాడవలసింది ఆమె చాట పట్టుకునేదాకా దాచుకునేవాడు. మామ మెత్తనివాడు. సాయంత్రానికి కల్లు ముంత ఉంటే ఆయనకు లోకంతో తగవు లేదు. వాళ్లకు పిల్లలు లేరు. ఆ కారణంగా పెళ్లయిన కొన్నేళ్లకు అత్తను వాళ్ల అత్తగారు పుట్టింటికి పంపేసిందట. మామ తల్లికి చెప్పకుండా వెళ్లి, వెనక్కి తెచ్చుకున్నాడు. ఆయన జీవితంలో చేసిన దుడుకు పని అప్పటికి అదొక్కటే.

ఆ ఏడాది ధాన్యం గుమ్ముల్లో ఎలుకలు ఎక్కువైపోయాయి. జమేదారు వదిలేసిన గింజలు ఎలుకలు తినేస్తుంటే అత్తకు ఒళ్లు మండిపోయేది. బోరబండ గుట్ట దిగువన, రైలు పట్టాల పక్కన ఒక చిన్న దర్గా ఉండేది. దాన్ని ఊడ్చే ముసలమ్మ, ఎవరూ వద్దన్న పిల్లులన్నిటినీ తెచ్చి సాకేది. ఎలుకల బాధ ఉన్నవాళ్లు వెళ్లి అడిగి ఒకదాన్ని తెచ్చుకునేవాళ్లు. ఆమె ఏమీ తీసుకునేది కాదు గాని, పిల్లిని ఇచ్చేముందు మనిషిని కింది నుంచి పై దాకా చూసేది, పెళ్లిచూపులకు వచ్చినవాళ్లను చూసినట్టు. మేం ముగ్గురం వెళ్లాం. బలిసిన గండుపిల్లులు నాలుగైదు ఎండలో పడుకుని ఉన్నాయి. అత్త వాటిని చూడకుండా, గోడ మూల ఒంటరిగా కూర్చున్న చీలిన చెవి బూడిదరంగు దాన్ని చూపించింది.

"గది వద్దు బిడ్డా," అంది ముసలమ్మ. "దానికి మూర్ఛ రోగం. ఎవ్వలు తీస్కపోయినా మళ్ల తెచ్చి ఈడ్నే ఇడిసిపోతరు."

'తెచ్చి ఇడిసిపోతరు' అన్న మాటకు అత్త ముఖం మారిపోయింది. "పడితే మళ్ల లేస్తది గదా?" అంది.

"లేస్తది. పడ్డప్పుడు ముట్టకు. మీదికి వంగకు. జర ఓపిక పట్టు, అదే లేస్తది. లేసినంక మస్తు ఆకలైతది, ఇంత అన్నం పెట్టు. గంతే, ఫికర్ జెయ్యకు."

"గంతేనా! మా ఇంటాయన గూడ కల్లు తాగి గట్లనే పడి లేస్తడు. నాకు అలవాటే," అని అత్త పిల్లిని కొంగులో కట్టుకుంది. మామ పక్కనే నిలబడి, ఆ సమయానికి రాని రైలు కోసం పట్టాల వైపు శ్రద్ధగా చూస్తున్నాడు.

పిల్లి మంచిదే. ఎలుకలను బాగానే పట్టింది. నెలకు ఒకసారో రెండుసార్లో పడేది. మొదట కాళ్లు కొట్టుకునేది, తర్వాత చచ్చినట్టు బిగుసుకుని ఉండిపోయేది, ఆ తర్వాత లేచి, తూలుతూ వెళ్లి గిన్నె దగ్గర నిలబడి మా మీద అరిచేది, అన్నం ఆలస్యం చేసిన తప్పు మాదే అన్నట్టు. మేం అలవాటు పడిపోయాం. అలవాటు పడనివాడు జమేదారు.

ఏదో ఊళ్లో ఎవరో జమేదారు మనుషులకు పెట్టిన కూరలో విషం కలిపారని పుకారు పుట్టింది. నిజమో కాదో నాకు తెలియదు. నిజమైతే బాగుండునని మాత్రం మా అత్త రోజూ అనేది. అప్పటి నుంచి వాడు ఏ ఇంట్లో తిన్నా మొదటి ముక్క ఆ ఇంటి కుక్కకో పిల్లికో వేయించేవాడు. అది తిని కాసేపు తిరిగాకే తాను చెయ్యి కడుక్కునేవాడు. వానలు మొదలైన రోజుల్లో ఒక మధ్యాహ్నం వాడు మా వాకిట్లోకి వచ్చి, మంచం మీద కూర్చుని, కోడిని కొయ్యమన్నాడు. గుడ్లు పెట్టే కోడి అది. అత్త దాని మెడ విరిచిన తీరు చూస్తే, ఆమె మనసులో ఎవరి మెడ ఉందో నాకు కూడా అర్థమైంది. కూర పళ్లెంలో పెట్టాక వాడు ఒక ముక్క తీసి, "ఏదీ, పిల్లిని పిలువు," అన్నాడు.

అత్త నోరు జారింది. "పిల్లికి వద్దు దొరా. దాని పానం మంచిగుండది. కుక్కకు ఏద్దాం."

"పిల్లికెందుకొద్దు?" అన్నాడు వాడు, అత్త ముఖంలోకి చూస్తూ.

పిలవకుండానే పిల్లి వచ్చింది. ముక్క తింది, మూతి తుడుచుకుంది. అత్త గట్టిగా ఊపిరి వదలడం గుమ్మి వెనక నిలబడిన నాకు వినిపించింది. వాడు పళ్లెంలో చెయ్యి పెట్టాడు. అప్పుడు పిల్లి మెడ ఒక పక్కకు తిరిగింది.

తర్వాత జరిగింది నేను ముక్కలు ముక్కలుగానే చూశాను. పళ్లెం గోడకు తగిలి మోగింది. మామ జుట్టు జమేదారు పిడికిట్లో ఉంది. కర్రలు మామ వీపు మీద, మెడ మీద, మోకాళ్ల మీద పడుతున్నాయి. తడి బట్టను బండ మీద ఉతికిన చప్పుడు. అడ్డం వెళ్లిన అత్తను ఒకడు చెంప మీద కొడితే కమ్మతో సహా చెవి తెగి రవిక రక్తమైంది. మామను వెల్లకిలా పడేసి, తుపాకీ గొట్టం ఛాతీ మీద పెట్టారు. "నాకు ఇసం పెడ్తవారా?" అని జమేదారు అరుస్తున్నాడు. వాడి గొంతులో కోపం కన్నా భయం ఎక్కువ ఉంది. భయపడినవాడి చేతిలో తుపాకీ ఎంత చెడ్డదో ఆ రోజే నేర్చుకున్నాను.

"ఇసం గాదు దొరా! దానికి మూర్ఛ. లేస్తది, జర ఆగుండ్రి!" అంటూ అత్త నేల మీద ఒలికిన అన్నం, కూర మట్టితో సహా పిడికిళ్లతో తీసి నోట్లో కుక్కుకుంది. చెవి నుంచి కారుతున్న రక్తం కూడా అందులో కలిసింది. "సూడుండ్రి, నేను తింటున్న!"

"నువ్వు సస్తవో లేదో ఎవడు సూస్కుంట గూసుంటడు? గది లేవాలె. గది లేవకపోతే వీడు లేవడు," అన్నాడు జమేదారు.

కర్రవాడు ఒకడు పిల్లిని పొడవబోయాడు. అత్త వెళ్లి ఆ కర్ర మీద పడింది. "ముట్టకుండ్రి! పడ్డప్పుడు ముట్టొద్దు!" అని కేకలు పెట్టింది. వాళ్లు ఎందుకు ఆగారో ఇప్పటికీ తెలియదు. వాకిట్లో కోడి ఈకలు గాలికి దొర్లుతున్నాయి. పొయ్యి మీద మిగిలిన కూర మాడుతోంది. పిల్లి కాళ్లు కొట్టుకోవడం ఆగి, బిగుసుకుపోయింది. ఈగ ఒకటి దాని కంటి మీద వాలింది. మామ తుపాకీని చూడడం లేదు, పిల్లినే చూస్తున్నాడు. నేను కూడా చూశాను. ఏ దేవుణ్నీ అంతగా చూసి ఎరగను. లే, లే, లేవే ముండా అని మనసులో తిట్టాను.

చీలిన చెవి కదిలింది. పిల్లి లేచింది. తూలింది. జమేదారు బూటుకు గుద్దుకుని, వాసన చూసి, మంచం కింద పడిన కోడి కాలు పట్టుకుని గుర్రుమంటూ తినసాగింది.

మొదట కర్రలవాళ్లు నవ్వారు. జమేదారు కూడా నవ్వాడు. వాళ్లు నవ్వారు కదా, ఇక అయిపోయిందనుకున్నాను. కాని పిల్లిని చూసి వణికిన సంగతి తన మనుషుల ముందే బయటపడింది, అది వాడు ఊరికే వదల్లేదు. మామ కుడిచెయ్యి రోటి మీద పెట్టించి, తుపాకీ మడమతో కొట్టాడు. ఒకసారి కాదు. "ఊళ్లె చెప్పుకుంట నవ్వబుద్ధైతే గిది యాదికి రావాలె," అన్నాడు. ఆ ఎముకల చప్పుడు నా చెవుల్లోంచి ఇప్పటికీ పోలేదు.

ఆ వానాకాలం వెళ్లేలోపే సంస్థానాన్ని దేశంలో కలపడానికి పట్నం బాటన సైనికుల లారీలు వచ్చాయి, జమేదారు మనుషులు చెల్లాచెదురయ్యారు. వాడు గుండ్ల మధ్య సీతాఫలం పొదల్లో దొరికాడు. మా ఊరివాళ్లు మంచివాళ్లని రాయాలని నాకూ ఉంటుంది గాని, ఆ రోజు మాత్రం కాదు. వాణ్ని కాళ్లు పట్టి చావడి దాకా ఈడ్చారు. ఆడవాళ్లు కూడా రాళ్లు ఏరుకుని వచ్చారు. కుమ్మరి కొడుకు కుంటుకుంటూ వచ్చి ముఖం మీద ఉమ్మాడు. మొదటి దెబ్బ నీదే అని మామ చేతికి కర్ర ఇచ్చారు. కుడిచెయ్యి మూసుకునేది కాదు. మామ ఎడమచేత్తో కొట్టాడు. మెత్తనివాడు కొట్టినట్టు కొట్టలేదు. జమేదారు తల పగిలి పడ్డాడు. కాళ్లు టపటపా కొట్టుకున్నాయి.

జనం మీదికి ఉరికారు. మామ ఆ కాళ్లను చూస్తూ నిలబడిపోయాడు. చూసి చూసి, కర్ర అడ్డం పెట్టాడు. "ముట్టకుండ్రి. పడ్డడు. లేస్తడో లేదో సూద్దాం," అన్నాడు. ఎవరో బూతులు తిట్టారు. ఒక రాయి వచ్చి మామ భుజానికి తగిలింది. అప్పుడు మా అత్త రోకలి పట్టుకుని వచ్చి మొగుడి పక్కన నిలబడింది. ఆ రోకలి ఎవరి కోసం తెచ్చిందని ఎవరూ అడగలేదు. ఊరంతా తిడుతూనే ఆగింది. అందరూ ఆ కాళ్లవైపే చూశారు.

వాడు లేచాడు. నోటితో కాదు, చేత్తో నీళ్లు అడిగాడు. అత్త ముంతతో నీళ్లు పోసింది. "అన్నం మాత్రం పెట్ట. గది నా పిల్లికే," అంది. వాడు గోడలు పట్టుకుని బోరబండ దారిన వెళ్లాడు. తర్వాత ఏమయ్యాడో తెలియదు, తెలుసుకోవాలని కూడా నాకు లేదు. వాడు చచ్చి ఉంటే నేను ఏడ్చేదాన్ని కాదు.

పెద్దదాన్నయ్యాక మామను అడిగాను, ఎందుకు ఆపావని. ఎడమచేత్తో ముంత ఎత్తుతూ, "ఏమో బిడ్డా. పడ్డదాన్ని లేసేదాక సూసుడు అలవాటైంది," అన్నాడు. పిల్లి ఆ తర్వాత కూడా కొన్నేళ్లు పడుతూ లేస్తూ బతికింది. ఒకనాడు పడి, ఇక లేవలేదు. గొయ్యి తవ్వుదామంటే మామ ఒప్పుకోలేదు. పొద్దుగూకేదాకా దాని పక్కనే కూర్చున్నాడు. అత్త చేతిలో ఆ రోజు రోకలి లేదు, అయినా ఇద్దరూ ఒక్క మాట కూడా మాట్లాడుకోలేదు.

నిన్నటి పిల్లి కూడా లేచింది. తూలుతూ వెళ్లి గిన్నె ముందు నిలబడి అరిచింది. మూర్ఛ ఎంతసేపు ఉందో చూసి చెప్పమన్నాడట డాక్టరు. మా మనవరాలు కళ్లు తుడుచుకుంటూ ఫోన్ చూసి, "రెండు నిమిషాలు కూడా కాలేదు నానమ్మా!" అంది. ఆ మధ్యాహ్నం మా అత్త వాకిట్లో పట్టింది కూడా అంతే అయి ఉంటుంది. నా చిన్నతనం మొత్తం అందులోనే అయిపోయింది.