చదవకుండా తిప్పేసిన పేజీ

ఐదో తరగతితో బడి మానేసినా, బంటింగ్ ఊరి లైబ్రరీలో నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషు పుస్తకాలు చదివేవాణ్ణి. వాటిలో నాకు బాగా పట్టింది మంచు మీద జంతువుల అడుగుజాడల పుస్తకం. మంచు నేనెన్నడూ చూడలేదు. రబ్బరు తోటలో వాన వెలిశాక మిగిలే బురదే నాకు మంచు.

నన్ను పెంచిన మేనమామకు అందులో బొమ్మలు చూపించాను.

"అడివిపంది అడుగుందేట్రా ఇందల? అది సూపించు లా, కూరొండుకుందుం," అని ఇక్కడివాళ్ళ 'లా' తగిలించి నవ్వాడు.

అవి తెల్లదొరల ప్రభుత్వం అడవిలోని కమ్యూనిస్టుల మీద పోరుకు పెట్టిన ఎమర్జెన్సీ రోజులు. మా కూలీ ఇళ్ళ లైన్ల చుట్టూ ముళ్ళకంచె వేశారు. అడవిలో దాక్కున్నవాళ్ళకు చేరుతుందని, పనికి వెళ్ళేవాళ్ళ అన్నం మూట కూడా గేటు దాటనిచ్చేవారు కాదు. ఒక ఉదయం తోట చివర, అడవివైపు పోతున్న అడుగులు కనిపించాయి. పోలీసు అధికారి వచ్చాడు. అడుగుజాడల పుస్తకం చదువుతానని విని తోట దొర నన్ను పిలిపించాడు.

మోకాళ్ళ మీద వంగి చూశాను. ఐదు వేళ్ళు, నిండు మడమ. గోళ్ళ గుర్తులు లేవు.

"ఎలుగుబంటి అయితే గోళ్ళు పడాలి. ఇది మనిషి పాదం," అని పుస్తకంలో ఉన్నట్టే ఇంగ్లీషులో అప్పజెప్పాను. దొర మెచ్చుకోలుగా తలూపాడు. నా ఛాతీ పొంగింది.

ఆ తరవాతే అధికారి అడిగాడు, ఈ వరస చెట్లను రబ్బరు పాలకు గీసేది ఎవరని.

మా మామ. ఆ వరసలోకి ఇంకెవరూ వెళ్ళరు.

వ్యాను ఎక్కిస్తుంటే మామ నావైపే చూశాడు. "నానటేపు పోనేదురా. సదివినోడివి, ఇంకోపాలి సూసి సెప్పు."

అప్పటికే వాన మొదలైంది.

ఆ వారం లైబ్రరీలో మళ్ళీ ఆ పుస్తకం తీశాను. బొమ్మలు లేవని చదవకుండా తిప్పేసిన పేజీలో ఉంది: మనిషికి పెద్దవేలు లోపలి పక్కన, ఎలుగుకు బయటి పక్కన. బురదలోని అడుగులు కళ్ళముందు నిలిచాయి. కుడిపాదం ఎడమకు, ఎడమపాదం కుడికి తగిలించుకున్న మనిషి నడిచినట్టు, పెద్దవేళ్ళన్నీ బయటికే ఉన్నాయి. గోళ్ళ గుంటలను ముందురాత్రి జల్లు పూడ్చేసి ఉంటుంది. మంచు గురించి రాసినాయనకు మా వానల సంగతి తెలియదు.

పుస్తకం పట్టుకుని స్టేషనుకు పరిగెత్తాను. "ఏవీ ఆ అడుగులు?" అన్నాడు అధికారి.

కొన్ని నెలలకు మామను ఇండియా ఓడ ఎక్కించారు. తల్లి చంకలో ఉండగా వదిలి వచ్చిన ఊరికి.

దేశానికి స్వతంత్రం వచ్చిన మెర్దెకా రోజు అందరూ జెండా చూడటానికి మైదానానికి పోయారు. అత్త గడపలో కూర్చుని మామ గీతకత్తికి నూనె రాస్తోంది.

"ఆ అడుగులు ఎవుడివోరా? ఇన్నేళ్ళయినాది. నీకేటైనా తెలిసినాదా?"

"నేదత్తా," అన్నాను.